గోగుర్యో ఎవరిది? కొరియా, చైనా సరిహద్దులో పాత చరిత్ర చేస్తున్న పని
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చెప్పాల్సింది చాలా ఉంది కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

ఉత్తర కొరియాకీ చైనాకీ మధ్య సుమారు 1,400 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. పడమటి వైపు యాలూ నది, తూర్పు వైపు తూమెన్ నది, రెండూ పుట్టేచోట పెక్తూ పర్వతం. 1962లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకుని గీత గీసుకున్నాయి. అక్కడ సైన్యాలు ఎదురెదురుగా నిలబడి తోసుకోవడం లేదు. దక్షిణ కొరియాకైతే చైనాతో భూమ్మీద సరిహద్దే లేదు, మధ్యలో ఉత్తర కొరియా ఉంది. అయినా 668లో కూలిపోయిన ఒక రాజ్యం గురించి సియోల్, బీజింగ్ ఈ ఇరవై ఏళ్లుగా గొడవ పడుతూనే ఉన్నాయి. రాయబారులను పిలిపించి నిరసన చెప్పుకున్నారు, ఒక మ్యూజియంలో పెట్టిన పట్టిక తీసేదాకా ఊరుకోలేదు, ఆటల పోటీల్లో పతకాలు ఇచ్చే వేదిక మీద కూడా కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. ఎందుకింత పట్టుదల? రేపు ఉత్తర కొరియా ప్రభుత్వం కుప్పకూలితే ఆ నేల ఎవరి చేతికి పోతుంది అన్న భయమే దీని అడుగున ఉందని నేను అనుకుంటున్నాను. ఈ మాట ఎందుకు అంటున్నానో అర్థం కావాలంటే మొదటి నుంచీ రావాలి, కాస్త ఓపిక పట్టండి.

ముందు గోగుర్యో. కొరియా సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 37లో పుట్టి క్రీ.శ. 668 దాకా బతికిన రాజ్యం ఇది. దక్షిణాన సిల్లా, బెక్జే అని మరో రెండు రాజ్యాలు ఉండేవి, ఈ మూడింటినీ కలిపే కొరియన్లు "మూడు రాజ్యాల కాలం" అంటారు. గోగుర్యో పుట్టింది మాత్రం యాలూ నదికి ఉత్తరాన, అంటే ఇప్పటి చైనా నేల మీద. మొదటి కోట ఇప్పటి లియావోనింగ్ ప్రావిన్స్‌లోని హువాన్‌రెన్ దగ్గర కొండ మీద ఉంది, రెండో రాజధాని జీలిన్ ప్రావిన్స్‌లోని జీయాన్ పట్టణం, సరిగ్గా నది ఒడ్డున. 427లో జాంగ్సు అనే రాజు రాజధానిని దక్షిణానికి, ప్యోంగ్యాంగ్‌కు మార్చాడు. ఈ 427 అనే ఏడాదిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఆ జాంగ్సు రాజే 414లో తండ్రి గ్వాంగెతో పేరు మీద జీయాన్‌లో ఒక శిలాశాసనం నిలబెట్టాడు. ఆరు మీటర్లకు పైగా ఎత్తున్న రాయి, నాలుగు వైపులా చైనా లిపిలో చెక్కిన దాదాపు 1,800 అక్షరాలు. అందులో ముందు వంశం పుట్టుక కథ ఉంటుంది, దేవుడి కొడుక్కీ నది దేవత కూతురుకీ సంతానంగా గుడ్డులోంచి పుట్టిన మూలపురుషుడి కథ. ఆ తర్వాత తండ్రి చేసిన యుద్ధాలు. చివర్లో సమాధులకు కాపలా ఉండాల్సిన కుటుంబాల లెక్క ఊళ్ల పేర్లతో సహా రాసి ఉంది, మొత్తం 330 కుటుంబాలు, వాళ్లను ఎవరూ కొనకూడదు, అమ్మకూడదు అని హెచ్చరిక. నాకు ఈ చివరి భాగం అంటేనే ఎక్కువ ఇష్టం, యుద్ధాల గొప్పలు అన్ని శాసనాల్లోనూ ఉంటాయి, కానీ ఏ ఊరి నుంచి ఎన్ని ఇళ్ల వాళ్లు కాపలాకి రావాలో రాసిపెట్టడంలో ఆ రాజ్యం రోజువారీగా ఎలా నడిచిందో కనిపిస్తుంది.

ఈ రాయి శతాబ్దాల పాటు ఎవరికీ పట్టకుండా పడి ఉండి 19వ శతాబ్దం చివర్లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. దాన్ని రాజకీయానికి మొదట వాడుకున్నది చైనా కాదు, కొరియా కాదు, జపాన్. 1883లో ఒక జపాన్ సైనికాధికారి శాసనం నకలు టోక్యోకి తీసుకెళ్లాడు. అందులో 391వ సంవత్సరం గురించిన ఒక వాక్యాన్ని పట్టుకుని, జపాన్ వాళ్లు ఆనాడే సముద్రం దాటి వచ్చి బెక్జేనీ సిల్లానీ లొంగదీసుకున్నారని చదివారు, అంటే కొరియా ఎప్పుడో మా కింద ఉండేది, ఇప్పుడు మళ్లీ తీసుకుంటున్నాం అని వాదన. 1972లో జపాన్‌లో ఉండే కొరియన్ చరిత్రకారుడు ఒకాయన, జపాన్ సైన్యం సున్నం పూసి అక్షరాలు మార్చేసిందని ఆరోపించాడు. తర్వాత ఆ రాయి మీద కాగితం పెట్టి తీసిన ఇంకా పాత అచ్చులు దొరికాయి, వాటిని పోల్చి చూస్తే సైన్యం కావాలని మార్చిందన్న వాదన నిలబడలేదు. కానీ ఆ వాక్యాన్ని ఎక్కడ విరవాలి, ఎవరు ఎవరిని ఓడించినట్టు చదవాలి అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. ఒక్క రాయి, మూడు దేశాలు.

ఇక గోగుర్యో అంతం. చైనాలో సుయీ వంశం 598 నుంచి 614 దాకా నాలుగుసార్లు దండెత్తింది. 612 నాటి దండయాత్రలో పదకొండు లక్షలకు పైగా సైన్యం కదిలిందని చైనా గ్రంథమే రాసుకుంది. అందులో లియావో నది దాటిన 3,05,000 మందిలో తిరిగి వచ్చింది 2,700 మంది అని కూడా అదే రాసింది. అంకెల సంగతి పక్కన పెట్టండి, పాత గ్రంథాల్లో సైన్యం లెక్కలు ఎప్పుడూ పెరిగే ఉంటాయి, కానీ ఓటమి నిజం, ఆ ఓటములే సుయీ వంశం కూలడానికి ఒక ముఖ్య కారణం. తర్వాత వచ్చిన తాంగ్ వంశం 645లో ప్రయత్నించి ఆన్సీ కోట దగ్గర ఆగిపోయింది. చివరికి 668లో తాంగ్, సిల్లా కలిసి గోగుర్యోను పడగొట్టాయి. అంటే, ఇవాళ "మన గోగుర్యో" అని కొరియన్లు అంటున్న రాజ్యాన్ని కూల్చడంలో ఇంకో కొరియన్ రాజ్యం చెయ్యి ఉంది.

తర్వాత ఆ జనం ఏమయ్యారు? కొందరు సిల్లాలో కలిశారు, చాలామందిని తాంగ్ సైన్యం చైనా లోపలికి తరలించింది, ఇంకొందరు ఉత్తరాన 698లో బల్హే అనే రాజ్యం పెట్టిన వాళ్లతో చేరారు. తాంగ్ సైన్యంలో గావ్ షియాన్‌జీ అనే సేనాపతి ఉండేవాడు, కొరియన్లు గో సోన్జీ అంటారు, గోగుర్యో వంశస్థుడు. 747లో పామీర్ పర్వతాలు దాటి గిల్గిత్ దాకా వచ్చాడు, మన ఉపఖండం అంచుకి వచ్చాడన్నమాట. 751లో తలాస్ దగ్గర అరబ్బుల చేతిలో ఓడిపోయాడు, ఆ తర్వాత కొన్నేళ్లకే చక్రవర్తి ఆజ్ఞతో చంపేశారు. ఈయన చైనీయుడా, కొరియనా? ఆయన్నే అడిగితే ఆ ప్రశ్నే అర్థమయ్యేది కాదని నా ఉద్దేశం. చైనా, కొరియా అని ఇవాళ మనం అనుకునే జాతులు ఆ రోజుల్లో లేవు. రాజులు ఉన్నారు, వంశాలు ఉన్నాయి, తెగలు ఉన్నాయి, జీతం ఇచ్చే కొలువు ఉంది.

అలా అని పాత చరిత్రను సరిహద్దు కోసం వాడటం ఈ కాలం వాళ్లే కనిపెట్టారని అనుకోవద్దు. 918లో కొరియాలో గొర్యో అనే రాజ్యం వచ్చింది, కొరియా అన్న పేరు దీన్నుంచే పుట్టింది, ఆ పేరు పెట్టుకున్నదే గోగుర్యో వారసులమని చెప్పుకోవడానికి. 993లో ఉత్తరం నుంచి ఖితాన్లు అనే జాతివాళ్లు దండెత్తి వచ్చారు. వాళ్ల సేనాపతి, మీరు సిల్లా నేల నుంచి వచ్చిన వాళ్లు, గోగుర్యో నేల మాది, మీరెందుకు అందులోకి వచ్చారు అని దబాయించాడు. గొర్యో తరఫున వెళ్లిన సో హుయీ అనే ఆయన ఏమాత్రం తగ్గలేదు. మా దేశం పేరే గొర్యో, మేమే గోగుర్యో వారసులం, ఆ మాటకొస్తే మీ తూర్పు రాజధాని కూడా మా హద్దుల్లోదే అన్నాడు. దానితో పాటు మరో మాట కూడా చెప్పాడు, మధ్యలో జుర్చెన్లు అనే తెగలవాళ్లు దారి కాసి ఉన్నారు కాబట్టి మీతో సంబంధాలు పెట్టుకోలేకపోతున్నాం, వాళ్లను తోసేసి ఆ నేల మాకొస్తే మీ దర్బారుకు వస్తాం అని. ఖితాన్లకు కావలసింది గొర్యో తమ శత్రువైన సోంగ్ చైనాకు దూరం కావడం. బేరం కుదిరింది, సైన్యం వెనక్కి పోయింది, యాలూ నది వరకూ నేల గొర్యోకి వచ్చింది, అక్కడ ఆరు కోటలు కట్టుకున్నారు. కొరియా బడిపిల్లలకు ఈ కథ బాగా తెలుసు. వాళ్లకు చరిత్ర అంటే భూమి కాగితం అన్న భావన ఇంత పాతది.

1784లో యు దుక్‌గోంగ్ అనే పండితుడు బల్హే చరిత్ర మీద పుస్తకం రాస్తూ ముందుమాటలో గొర్యో వాళ్లను తిట్టిపోశాడు. మీరు బల్హే చరిత్ర రాసి పెట్టుకుని ఉంటే, దాన్ని చేతపట్టుకుని వెళ్లి జుర్చెన్లనూ ఖితాన్లనూ మా నేల మాకివ్వండి అని అడిగేవాళ్లు కదా, రాయలేదు కాబట్టి అడగలేకపోయారు, దేశం చిన్నదైపోయింది అని ఆయన బాధ. మన ఊళ్లలో గట్టు తగాదాల్లో తాతల నాటి దస్తావేజు లేక ఓడిపోయిన రైతు ఎలా బాధపడతాడో అలాంటి బాధ అది. కానీ రైతు దస్తావేజుకి ఒక ఆఫీసు ముద్ర ఉంటుంది. రాజ్యాల చరిత్రకు ముద్ర వేసే ఆఫీసు ఎక్కడుంది?

ఇప్పుడు అసలు సరిహద్దు గీతకి వద్దాం. 1712లో, అప్పుడు చైనాను ఏలుతున్న మంచూల చింగ్ వంశపు చక్రవర్తి కాంగ్‌షీ, ముకెదెంగ్ అనే అధికారిని పంపించి పెక్తూ పర్వతం మీద ఒక రాయి పాతించాడు. కొరియా తరఫున వచ్చిన పెద్ద అధికారులు కొండపైకి వెళ్లనే లేదు, వాళ్లను కిందే ఉంచేసి చిన్న ఉద్యోగులతో పైకి వెళ్లాడాయన. రాయి మీద పడమట హద్దు యాలూ, తూర్పున హద్దు "తుమున్" అని చెక్కించాడు. ఆ తూర్పు పేరు దగ్గరే చిక్కు. తూమెన్ నదికి అప్పటికే వాడుకలో రకరకాల రాతలు ఉండేవి, రాయి మీద చెక్కిన అక్షరాలు కొరియన్లు వాడే అక్షరాలు కావు. అది తూమెన్ నదే అని చింగ్ వాళ్లు, కాదు సోంగ్‌హువా నదిలో కలిసే ఇంకో పాయ అని కొరియన్లు. మొదటిది ఒప్పుకుంటే నదికి ఉత్తరాన ఉన్న గాందో ప్రాంతం చైనాది, రెండోది ఒప్పుకుంటే కొరియాది.

ఈ తేడా నూట యాభై ఏళ్లు ఎవరికీ అక్కరలేదు, ఎందుకంటే అక్కడ జనమే లేరు. చింగ్ వాళ్లు తమ పుట్టినగడ్డ అని మంచూరియాలోకి, అంటే ఇప్పటి ఈశాన్య చైనాలోకి, వలసలు నిషేధించారు. 1860ల చివర్లో కొరియా ఉత్తర ప్రాంతంలో భయంకరమైన కరువు వచ్చింది, ఆకలికి తట్టుకోలేక రైతులు నది దాటారు, అడవి కొట్టి పొలాలు చేసుకున్నారు. 1880లకి చింగ్ ప్రభుత్వం వాళ్లను చూసి, మా ప్రజలుగా మారండి లేదా వెళ్లిపోండి అంది. అప్పుడు ఆ రైతుల పొలాల కోసం 1712 నాటి రాయి గుర్తొచ్చింది. 1885లో, 1887లో రెండు పక్షాలూ కూర్చుని మాట్లాడాయి. కొరియా తరఫున వెళ్లిన ఈ జుంగ్‌హా, నా తల తీసినా సరే దేశం హద్దు తగ్గనివ్వను అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏమీ తేలలేదు.

తేల్చింది మళ్లీ జపానే. 1905లో కొరియా విదేశాంగ వ్యవహారాలు లాక్కుంది. 1909 సెప్టెంబర్‌లో కొరియాని అడగకుండానే చింగ్ ప్రభుత్వంతో గాందో ఒప్పందం రాసుకుంది. తూమెన్ నదే సరిహద్దు, గాందో మీది, బదులుగా మంచూరియాలో మాకు రైలు మార్గాలు, గనుల హక్కులు ఇవ్వండి అని. మూడో వాడు కూర్చుని తనది కాని నేలను బేరం పెట్టాడన్న కోపం కొరియన్లలో ఇప్పటికీ ఉంది, ఆ కోపం న్యాయమైనదే అంటాను నేను. కానీ ఒప్పందం చెల్లదని చెప్పగానే గాందో కొరియాది అయిపోదు, ఒప్పందం లేకపోతే 1887లో తేలని వాదన దగ్గరికి తిరిగి వెళ్తామంతే. చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1908లో, షిన్ చేహో అనే పత్రికా రచయిత కొరియా చరిత్రను కొత్తగా చదవాలని వరస వ్యాసాలు రాశాడు. కొరియా జాతి కథ అంటే ద్వీపకల్పంలో ముడుచుకుపోయిన కథ కాదు, మంచూరియా మైదానాల కథ అన్నాడు. సిల్లా విదేశీ సైన్యాన్ని తెచ్చి సొంతవాళ్లను చంపించిందని తప్పుబట్టాడు. దేశం పోతున్న కాలంలో ఒక మనిషి తనవాళ్లకు నిటారుగా నిలబడే ధైర్యం ఇవ్వాలని రాసిన రాతలవి, ఆయన 1936లో లుషున్ జైల్లో జపాన్ ఖైదీగా చనిపోయాడు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ జైల్లో ఉన్నవాడి కల తర్వాత స్వతంత్ర దేశపు పాఠ్యపుస్తకం అయితే పక్కింటివాడికి భయం పుడుతుంది, అదీ నిజమే.

1962 అక్టోబర్‌లో చైనా తరఫున చౌ ఎన్‌లై, ఉత్తర కొరియా తరఫున కిమ్ ఇల్‌సుంగ్ సంతకాలు చేశారు. పెక్తూ శిఖరం మీదున్న చోంజీ సరస్సును పంచుకున్నారు, 54.5 శాతం ఉత్తర కొరియాకి, 45.5 శాతం చైనాకి. నిజానికి చైనా అప్పట్లో ఉదారంగానే ఇచ్చింది. సోవియట్ యూనియన్‌తో చెడింది, ఉత్తర కొరియా తమ వైపు ఉండాలి. 1963లో అదే చౌ ఎన్‌లై, తన దగ్గరకి వచ్చిన కొరియన్ పండితులతో, కొరియా ఎప్పటి నుంచో చైనాదేనని అనడం అర్ధం లేని మాట, మా పూర్వీకులు మీ మీద చేసిన దండయాత్రలకు మేమే క్షమాపణ చెప్పాలి అనే ధోరణిలో మాట్లాడాడు. ఆ రెండు మూడేళ్లు చైనా, ఉత్తర కొరియా పురావస్తు శాస్త్రవేత్తలు మంచూరియాలో కలిసి తవ్వకాలు కూడా జరిపారు. స్నేహం కావాల్సినప్పుడు చరిత్ర అలా పలికింది. చైనా చరిత్రకారుల్లో కూడా మధ్యేమార్గం ఒకటి ఉండేది. 427కి ముందు, రాజధాని ఇటు ఉన్నంత కాలం గోగుర్యో చైనా చరిత్రలో భాగం, ప్యోంగ్యాంగ్‌కి మారాక కొరియా చరిత్ర అని.

మరి ఎక్కడ మారింది? 1992లో చైనా, దక్షిణ కొరియా దౌత్య సంబంధాలు పెట్టుకున్నాయి. దక్షిణ కొరియా టూరిస్టులు వేలల్లో జీయాన్‌కి, పెక్తూకి వచ్చారు, పూర్వీకుల నేల అని కన్నీళ్లు పెట్టుకున్నారు, కొందరు మంచూరియా మాదే అని బ్యానర్లు కట్టారు. అదే దశాబ్దంలో ఉత్తర కొరియాలో కరువు, తూమెన్ దాటి వచ్చే శరణార్థులు. బీజింగ్‌లో టెన్షన్ మొదలైంది. ఉత్తర కొరియా పడిపోతే, ఏకమైన కొరియా వచ్చి గాందో అడిగితే? సరిహద్దుకి ఇటువైపు యెన్‌బియన్ కొరియన్ స్వయంపాలిత ప్రాంతం ఉంది, అక్కడ లక్షల మంది కొరియన్లు ఉన్నారు, వాళ్లు అటు మొగ్గితే? ఇది పిచ్చి భయం అని నేను అనను. సోవియట్ యూనియన్ ముక్కలైంది వాళ్ల కళ్ల ముందే.

2001లో ఉత్తర కొరియా తన గోగుర్యో సమాధులను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చమని దరఖాస్తు పెట్టింది. 2002 ఫిబ్రవరిలో చైనా సామాజిక శాస్త్రాల అకాడెమీ కింద ఐదేళ్ల "ఈశాన్య ప్రాజెక్టు" మొదలైంది. గోగుర్యో, బల్హే చైనాలోని ఒక మైనారిటీ జాతి స్థానిక ప్రభుత్వాలు అని దీని సారాంశం, మధ్యేమార్గం పోయింది. 2004లో చైనా విదేశాంగ శాఖ తన వెబ్‌సైట్‌లో కొరియా చరిత్ర పరిచయం నుంచి గోగుర్యో పేరు తీసేసింది. సియోల్ భగ్గుమంది. అదే ఏడాది జూలైలో చైనాలోనే, సుజౌ నగరంలో జరిగిన యునెస్కో సమావేశం చైనా వైపు కోటలు, సమాధులను ఒక పేరుతో, ఉత్తర కొరియా వైపు సమాధులను ఇంకో పేరుతో ఒకేసారి జాబితాలో చేర్చింది. ఆగస్టులో రెండు దేశాలు దీన్ని రాజకీయ సమస్య కానివ్వకూడదని నోటిమాటగా ఒప్పుకున్నాయి. దక్షిణ కొరియా తనదైన పరిశోధన సంస్థ పెట్టుకుంది, అదే 2006లో ఈశాన్య ఆసియా చరిత్ర ఫౌండేషన్‌లో కలిసింది.

చైనా వాదనలో అసలు పాయింట్లు ఏమిటో చూద్దాం. ఇవాళ చైనా నేల మీద జరిగిందంతా చైనా చరిత్రే అన్నది మొదటిది. గోగుర్యో రాజులు చైనా చక్రవర్తుల దగ్గర బిరుదులు తీసుకుని కప్పం పంపారు కాబట్టి స్వతంత్రులు కారన్నది రెండోది. ఈ రెండోది నాకు అసలు రుచించదు. బెక్జే, సిల్లా రాజులు కూడా ఆ బిరుదులు తీసుకున్నారు, ఐదో శతాబ్దంలో జపాన్ రాజులు కూడా తీసుకున్నారు. బిరుదు తీసుకున్న ప్రతివాడూ చైనా స్థానిక ప్రభుత్వమే అయితే జపాన్‌ని కూడా అందులో వేయాలి. లక్షల సైన్యంతో యుద్ధం చేసి చక్రవర్తిని వెనక్కి పంపిన రాజ్యాన్ని జిల్లా యంత్రాంగంలా చెప్పడం ఆ కాలానికి చేసే అన్యాయం. అయితే కొరియా వైపు వాదనలోనూ ఒక లోపం ఉంది. గోగుర్యోలో, అంతకన్నా ఎక్కువగా బల్హేలో, మల్గల్ అనే తెగల జనం పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్ల వారసులే తర్వాత జుర్చెన్లు, ఆ తర్వాత మంచూలు. చింగ్ వంశం మంచూలదే, పెక్తూ పర్వతం వాళ్లకీ పవిత్రం. ఇవాళ మంచూ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లు దాదాపు లేరు. ఈ తగువులో వాళ్ల తరఫున అడిగే దేశం లేదు కాబట్టి వాళ్లను అందరూ మర్చిపోయారు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

ఉత్తర కొరియా కూడా తక్కువ తినలేదు. 1993లో జాతి మూలపురుషుడు దంగూన్ ఎముకలు ప్యోంగ్యాంగ్ దగ్గర దొరికాయని, అవి ఐదు వేల ఏళ్ల నాటివని ప్రకటించింది, మరుసటి ఏడాది పెద్ద సమాధి కట్టేసింది. బయటి పండితులు దీన్ని నమ్మరు.

ఇక దక్షిణ కొరియాలో జరిగిన ఒక సంగతి, ఇది బయటివాళ్లకు అంతగా తెలియదు. క్రీ.పూ. 108లో చైనా హాన్ చక్రవర్తి ఊ, పాత జోసన్ రాజ్యాన్ని ఓడించి అక్కడ పరగణాలు పెట్టాడు, వాటిలో పెద్దది నంగ్నాంగ్, చైనీయులు లెలాంగ్ అంటారు, అది 313 దాకా నడిచింది. ఎక్కడ? తవ్వకాలన్నీ ప్యోంగ్యాంగ్ అంటున్నాయి. ఉత్తర కొరియా వాళ్లే 1990 ప్రాంతంలో ప్యోంగ్యాంగ్‌లో తవ్విన ఒక సమాధిలో క్రీ.పూ. 45 నాటి జనాభా లెక్కల చెక్కపలకలు దొరికాయి, 25 తాలూకాలు, సుమారు 2,80,000 మంది. ఇంతకన్నా స్పష్టమైన ఆధారం ఏం కావాలి? కానీ నాలుగు వందల ఏళ్లు ప్యోంగ్యాంగ్ చైనా పరగణాగా ఉందని ఒప్పుకుంటే రేపు చైనా దాన్ని అడుగుతుందేమో అన్న భయంతో, అది ఇప్పటి చైనాలోని లియావో నది ప్రాంతంలో ఎక్కడో ఉందని వాదించేవాళ్లు దక్షిణ కొరియాలో చాలామంది ఉన్నారు. 2008లో పైన చెప్పిన ఫౌండేషన్ చారిత్రక పటాల పుస్తకం తయారీ మొదలుపెట్టింది. పటంలో లెలాంగ్‌ని ప్యోంగ్యాంగ్‌లో చూపించారని 2015లో పార్లమెంట్‌లో గొడవ చేశారు, ఏళ్ల తరబడి చేసిన పనిని పక్కన పడేశారు. ఆధారం చూపించిన చరిత్రకారులకు దేశద్రోహి ముద్ర పడింది. చైనా ఒత్తిడి వల్ల పోయిన పుస్తకం కాదిది, చైనా భయంతో సొంతవాళ్లే పోగొట్టుకున్నది.

ఆ భయానికి పునాది లేదని కూడా అనలేను. 2017లో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక పత్రికతో మాట్లాడుతూ, కొరియా ఒకప్పుడు చైనాలో భాగమని షీ జిన్‌పింగ్ తనకు చెప్పాడన్నట్టు అన్నాడు, సియోల్‌లో ఎంత గగ్గోలు పుట్టిందో ఊహించండి. అంతకు ముందు 2012లో అమెరికా సెనేట్ కమిటీ సిబ్బంది, కొరియా ఏకీకరణ వస్తే చైనా ఏం చేస్తుందన్న దాని మీద రిపోర్టు తయారుచేస్తూ, ఈ పాత రాజ్యాల మీద రెండు దేశాల వాదనలనూ పటాలతో సహా అందులో చేర్చారు. రెండు వేల ఏళ్ల నాటి పరగణా వాషింగ్టన్‌లో విధానపత్రంలోకి ఎక్కిందంటే, మొదట్లో నేను చెప్పిన మాటకి అదే ఆధారం. చైనా వైపు నుంచి చూస్తే, 1961లో ఉత్తర కొరియాతో చేసుకున్న సాయం ఒప్పందం ఉంది, సరిహద్దు దగ్గరకి అమెరికా సైన్యం రాకూడదన్న పాత ఆలోచన ఉంది, దానికి చరిత్ర కూడా తోడుంటే మంచిదే కదా అనుకుంటారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 2007లో చాంగ్‌చున్ శీతాకాల ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియా స్కేటింగ్ అమ్మాయిలు పతకాల వేదిక మీద "పెక్తూ మాది" అని కాగితాలు పట్టుకున్నారు. 2012లో చైనా తన మహాకుడ్యం పొడవు 21,196 కిలోమీటర్లని ప్రకటించింది, గోగుర్యో, బల్హే గోడలు కూడా అందులో కలిపేశారని కొరియన్లు మండిపడ్డారు. 2021లో ఒక కొరియన్ చారిత్రక సీరియల్‌లో చైనా తిండి, చైనా వస్తువులు చూపించారని ప్రేక్షకులు ఎదురుతిరిగితే రెండు ఎపిసోడ్లకే ఆపేశారు. మన ఇళ్లలో పిల్లలు కొరియన్ సీరియల్స్ సబ్‌టైటిల్స్‌తో చూస్తుంటారు కదా, రాజుల కథలు వచ్చినప్పుడు మ్యాపు ఎక్కడిదాకా గీశారో ఒకసారి గమనించమనండి. 2022లో బీజింగ్ జాతీయ మ్యూజియం కొరియా కాలపట్టికలో గోగుర్యో, బల్హే వదిలేసింది, గొడవయ్యాక పట్టికనే తీసేసింది. 2024లో యునెస్కో పెక్తూ పర్వతంలో చైనా వైపు భాగాన్ని, చైనీయులు పిలిచే చాంగ్‌బై పేరుతో, జియోపార్కుగా గుర్తించింది, 2025లో ఉత్తర కొరియా వైపు దాన్ని పెక్తూ పేరుతో గుర్తించింది.

(సభలో నుంచి ఒక ప్రశ్న: "ఇంతకీ గోగుర్యో ఎవరిదంటారు మీరు?")

తప్పించుకోకుండా చెప్తాను. ఆ రాజ్యాన్ని తమ కథగా శతాబ్దాల పాటు తలుచుకుంటూ, 1145లోనే దాని చరిత్ర తమ చరిత్రగా రాసుకుని, దాని పేరునే దేశం పేరుగా పెట్టుకున్నది కొరియన్లు. ఆ రాజ్యపు జ్ఞాపకం వాళ్లది. ఆ నేలలో కొంత ఇవాళ చైనాది. మొదటిదాన్ని ఒప్పుకుంటే రెండోది పోతుందని చైనా భయపడుతోంది, రెండోది ఒప్పుకుంటే మొదటిది పోతుందని కొరియన్లు భయపడుతున్నారు. 1962 గీతను ఏకమైన కొరియా కూడా గౌరవిస్తుందని సియోల్ స్పష్టంగా చెప్తే చైనా చరిత్రకారుల మీద సగం ఒత్తిడి తగ్గుతుంది. కానీ దక్షిణ కొరియా రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం ద్వీపకల్పమంతా తనదే, ఉత్తర కొరియా చేసిన సంతకాన్ని ఒప్పుకోవడం అంటే ఉత్తర కొరియాని దేశంగా ఒప్పుకోవడమే అవుతుంది. అందుకే ఆ మాట ఎవరూ అనరు.

(ఇంకో ప్రశ్న: "యెన్‌బియన్‌లో ఉన్న కొరియన్లు ఏమంటారు?")

మంచి ప్రశ్న, నేనే ముందు చెప్పాల్సింది. వాళ్లెవరూ గోగుర్యో కాలం నుంచి అక్కడ ఉన్నవాళ్లు కారు, కరువుకి, జపాన్ పాలనకి తట్టుకోలేక నది దాటిన రైతుల మనవలు, మునిమనవలు. 2000 లెక్కల్లో చైనా మొత్తం మీద కొరియన్లు 19 లక్షల పైచిలుకు, 2020కి 17 లక్షలు. యెన్‌బియన్ జనాభాలో ఒకప్పుడు సగానికి పైగా వాళ్లే, ఇప్పుడు మూడో వంతు కూడా లేరు. చాలామంది పని కోసం దక్షిణ కొరియా వెళ్లిపోయారు, అక్కడ వాళ్లను చైనా వాళ్లనే చూస్తారు. ఇటు చైనాలో బడుల్లో కొరియన్ భాష తగ్గిపోతోంది. లోంగ్‌జింగ్ దగ్గరి మ్యోంగ్‌డోంగ్ ఊళ్లో 1917లో పుట్టిన యున్ డోంగ్‌జు అనే కవి ఉన్నాడు, కొరియన్ భాషలోనే రాశాడు, 1945లో జపాన్ జైల్లో ఇరవై ఏడేళ్లకే చనిపోయాడు. ఆయన పుట్టిన ఇంటి ముందు చైనా వాళ్లు పెట్టిన రాయి మీద "చైనా కొరియన్ జాతి దేశభక్త కవి" అని ఉంది, అది చూసి దక్షిణ కొరియా వాళ్లకు కోపం. వందేళ్ల కిందటి మనిషి విషయంలోనే ఇంత పేచీ ఉంది. ఆ ఊళ్లో ఇంకా కొరియన్ మాట్లాడుతున్న ముసలివాళ్లకి కావలసింది మనవలు చదువుకోవడానికి ఒక కొరియన్ బడి. ఆ బడి గురించి అడిగితే రేపు గాందో అడుగుతారేమో అని చైనా అనుమానిస్తుంది కాబట్టి, వాళ్లు గట్టిగా అడగలేకపోతున్నారు.

ఇక్కడితో ఆపుతాను. ఓపిగ్గా విన్నందుకు కృతజ్ఞతలు.